విలేకరి అడిగాడు, నాయకుడు నోరు జారాడు

బెర్లిన్ గోడ అనగానే సుత్తులూ గునపాలూ పట్టుకున్న జనం గుర్తుకొస్తారు. అంతకు కొన్ని గంటల ముందు జరిగిన ప్రెస్‌మీట్ గురించి తెలుసా? 1989 నవంబర్ 9 సాయంత్రం తూర్పు జర్మనీ పాలక పక్షం తరఫున గుంటర్ షబోవ్‌స్కీ విలేకరుల ముందు కూర్చున్నాడు. పౌరుల విదేశీ ప్రయాణాలకు సంబంధించిన కొత్త నిబంధనల కాగితం ఆయన చేతికి చివరి ఘడియలో అందింది. ఆ నిబంధనలు చర్చకు వచ్చినప్పుడు ఆయన అక్కడ లేడు. మర్నాడు తెల్లవారుజాము వరకు వాటిని బయటపెట్టకూడదన్న సంగతీ ఆయనకు తెలియదు. ఎప్పటినుంచి అమలు అని విలేకరులు అడిగారు. కాగితాలు అటూ ఇటూ తిరగేసి, తనకు తెలిసినంతవరకు ఇప్పటినుంచే, ఆలస్యమేమీ లేదు అనేశాడు. రాత్రి టీవీ వార్తల్లో ఆ ముక్క రాగానే జనం వేలాదిగా గోడ దగ్గరికి వచ్చిపడ్డారు. కాపలావాళ్ళకు పైనుంచి ఏ ఆదేశమూ లేదు. అర్ధరాత్రి కాకముందే బోర్న్‌హోల్మర్ వీధి దగ్గర దారి వదిలేశారు. సోవియట్ కూటమి పతనానికి వెయ్యి కారణాలు చెప్పొచ్చు. కానీ షబోవ్‌స్కీ ఆ కాగితాన్ని ముందే ఓసారి చదువుకుని ఉంటే గోడ దారి ఆ రాత్రే తెరుచుకునేది కాదు.

*

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నది జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంగ్లండ్ మీద తనకు ఎంత ప్రేమో చాటుకోవాలని ఆయన ఒక బ్రిటిష్ కర్నల్‌తో మనసు విప్పి మాట్లాడాడు. ఆ మాటలే 1908 అక్టోబర్ 28న లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రికలో ఇంటర్వ్యూ రూపంలో వచ్చాయి. ఇంగ్లిష్‌వాళ్ళకు పిచ్చి పట్టిందన్నాడు. దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధంలో ఇంగ్లండ్‌ను తలవంచేలా చేద్దాం రమ్మని రష్యా, ఫ్రాన్స్ పిలిస్తే తానే కాదన్నానన్నాడు. బోయర్లను ఓడించే వ్యూహం గీసి అమ్మమ్మ విక్టోరియా రాణికి పంపానన్నాడు. జర్మనీ నౌకాదళం ఇంగ్లండ్ కోసం కాదు, తూర్పు సముద్రాల్లో అవసరం పడొచ్చన్నాడు. దాంతో జపాన్ కూడా ఉలిక్కిపడింది. ఒక్క ఇంటర్వ్యూతో ఇంగ్లండ్, ఫ్రాన్స్, రష్యా, జపాన్‌లను ఒకేసారి నొప్పించడం మాటలు కాదు.

ఇందులో అసలు తమాషా వేరే ఉంది. చక్రవర్తి అచ్చుకు ముందు పద్ధతి ప్రకారమే ఆ ప్రతిని ఛాన్సలర్ బ్యూలోకు పంపాడు. సెలవులో ఉన్న బ్యూలో దాన్ని చదవకుండానే విదేశాంగ శాఖకు తోసేశాడు. అక్కడివాళ్ళు చిన్నచిన్న సవరణలు చేసి తిప్పి పంపారు. తప్పంతా తనదేనని ఎవరూ ఒప్పుకోని ఆ వ్యవహారం తర్వాత చక్రవర్తికీ ఛాన్సలర్‌కూ పొసగలేదు. మరుసటి ఏడాది బ్యూలో పదవి వదిలి వెళ్ళాడు. ఫైలు చదవకుండా సంతకం పెట్టే అలవాటు మన సెక్రటేరియట్‌లో పుట్టిందేమీ కాదన్నమాట.

*

అదే జర్మనీలో అంతకు 38 ఏళ్ల ముందు ఒక సంభాషణను కత్తిరించి యుద్ధమే తెచ్చారు. 1870 జూలై 13న ఎమ్స్ అనే ఊళ్ళో ప్రష్యా రాజు ఉదయం వాహ్యాళిలో ఉండగా ఫ్రాన్స్ రాయబారి బెనెడెట్టి ఎదురుపడి, స్పెయిన్ సింహాసనం మీద మీ వంశంవాళ్ళు మళ్ళీ ఎన్నడూ కన్నేయరని హామీ ఇమ్మన్నాడు. రాజు మర్యాదగానే కుదరదన్నాడు. ఆ సంగతి ప్రష్యా ప్రధాని బిస్మార్క్‌కు టెలిగ్రామ్‌గా చేరింది. తాను కొత్త మాట ఒక్కటీ చేర్చలేదని, కొన్ని తీసేశానంతేనని ఆయన చెప్పుకున్నాడు. మిగిలింది చదివితే రాజు రాయబారిని గుమ్మంలోంచి గెంటేసినట్టుంది. దాన్ని పత్రికలకు ఇచ్చాడు. ఆరు రోజులకు ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది. ఓడిపోయింది కూడా.

*

హిట్లర్‌ను ఇంటర్వ్యూ చేసి, ఇతగాడు నియంత కాలేడు అని రాసిన విలేకరి ఎవరో తెలుసా? డొరతీ థాంప్సన్. అమెరికాలో పేరున్న జర్నలిస్టు. 1931లో బెర్లిన్‌లోని కైజర్‌హోఫ్ హోటల్లో ఆయన్ను కలిసింది. జర్మనీకి కాబోయే నియంతను చూడబోతున్నాననుకుంటూ గదిలోకి అడుగుపెట్టిందట. నిమిషం తిరక్కుండానే ఆ నమ్మకం పోయిందట. ఈ మనిషిలో ఏముంది అనిపించిందని రాసింది. 1932లో ఆ మాటలే పుస్తకంగా వచ్చాయి. 1933 జనవరిలో హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. 1934 ఆగస్టులో 24 గంటల్లో దేశం విడిచి వెళ్ళమని థాంప్సన్‌కు ఉత్తర్వు వచ్చింది. ఆమె దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుంది. ఆ తర్వాత నాజీల మీద ఆమె రాసినంత గట్టిగా రాసినవాళ్ళు అమెరికాలో కొద్దిమందే. మనిషిని అంచనా కట్టడంలో పొరపడినా, ఆ పాలన ఎటు పోతుందో మాత్రం చాలామంది కంటే ముందే చూసింది.

*

స్టాలిన్‌తో మాట్లాడడమంటే చాలామంది దౌత్యవేత్తలకు నోట తడి ఆరిపోయేది. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తీరు వేరు. 1949 నుంచి 1952 వరకు ఆయన మాస్కోలో మన రాయబారి. స్టాలిన్‌తో మాట్లాడుతూ అశోకుడి కథ ఎత్తారు. కళింగ యుద్ధంలో అంత నెత్తురు పారించిన చక్రవర్తి ఆ తర్వాత హింస మానేశాడు, మీకూ అలా జరగదని ఎవరు చెప్పగలరు అన్నారు. ఔను, అద్భుతాలు జరుగుతుంటాయి, నేనూ మత పాఠశాలలో ఐదేళ్ళు చదివినవాణ్ణే అని స్టాలిన్ జవాబు. వీడ్కోలు సమావేశంలో రాధాకృష్ణన్ ఆయన చెంప తట్టి, వీపు నిమిరారని అంటారు. అక్కడినుంచి వచ్చిన కొద్ది వారాలకే ఉపరాష్ట్రపతి అయ్యారు.

ఆయన తర్వాత రాయబారిగా వెళ్ళిన కె.పి.ఎస్. మీనన్‌కు దక్కిన అనుభవం మరో రకం. 1953 ఫిబ్రవరి 17న స్టాలిన్‌ను కలిశారు. మాట్లాడుతున్నంతసేపూ స్టాలిన్ చేతిలో పెన్సిల్ కాగితం మీద తోడేళ్ళ బొమ్మలు గీస్తూనే ఉంది. పిచ్చి తోడేళ్ళను ఏం చెయ్యాలో మా రైతులకు తెలుసు, చంపేస్తారు అన్నాడట. మార్చి 5న స్టాలిన్ చనిపోయాడు. ఆయన చివరి రోజుల్లో కలిసిన అతికొద్దిమంది విదేశీయుల్లో మీనన్ ఒకరు. ఆ తోడేళ్ళు ఎవరన్నది చరిత్రకారులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతున్నారు.

*

సోవియట్ నేత కృశ్చేవ్ క్రెమ్లిన్‌లో తన ఆఫీసులో కూర్చుని ఇచ్చిన ఇంటర్వ్యూ 1957 జూన్ 2న అమెరికా సీబీఎస్ టీవీలో ప్రసారమైంది. మీ మనవలు సోషలిజంలోనే బతుకుతారు అని అమెరికన్లకు జోస్యం చెప్పాడు. ఆయన సొంత కొడుకు సెర్గీ 1999లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు.

*

1962 అక్టోబర్ 26. క్యూబాలో సోవియట్ క్షిపణులు, చుట్టూ అమెరికా యుద్ధనౌకలు. ఆ మధ్యాహ్నం వాషింగ్టన్‌లోని ఆక్సిడెంటల్ హోటల్లో ఏబీసీ విలేకరి జాన్ స్కాలీ, సోవియట్ దౌత్య కార్యాలయంలో పనిచేసే ఫొమిన్ భోజనానికి కూర్చున్నారు. ఫొమిన్ అన్నది మారుపేరు. అసలు పేరు ఫెక్లిసోవ్, కేజీబీ అధికారి. క్షిపణులు తీసేస్తాం, దాడి చెయ్యమని మీరు మాటిస్తారా అన్న బేరం ఆ బల్ల దగ్గర నలిగింది. స్కాలీ దాన్ని ప్రభుత్వానికి చేరవేశాడు. సంక్షోభం చివరికి ఇంచుమించు ఆ షరతుల మీదే సద్దుమణిగింది. ఆ బేరం ముందు ఎవరు ఎత్తారన్న దాని మీద మాత్రం ఇద్దరూ చివరిదాకా చెరో కథ చెప్పారు. ఫెక్లిసోవ్‌కు మాస్కో నుంచి అనుమతే లేదని తర్వాత తేలింది. స్కాలీ 1973లో ఐక్యరాజ్యసమితిలో అమెరికా ప్రతినిధి అయ్యాడు. హోటల్ వాళ్ళు ఆ బల్ల దగ్గర ఫలకం పెట్టుకున్నారు. ప్రపంచాన్ని కాపాడిన భోజనం అని చెప్పుకోవడం వ్యాపారానికి మంచిదే మరి.

ఆ సంక్షోభంలో వాషింగ్టన్, మాస్కోల మధ్య సందేశం అందడానికి గంటలకు గంటలు పట్టడంతో మరుసటి ఏడాది హాట్‌లైన్ వేసుకున్నారు. సినిమాల్లో చూపించే ఎర్ర టెలిఫోన్ అక్కడ లేదు. అది టెలిప్రింటర్. 1963 ఆగస్టు 30న అమెరికా పంపిన మొదటి సందేశం, టైపు నేర్చుకునేవాళ్ళు కొట్టే నక్కా కుక్కా వాక్యం. ఇంగ్లిష్ అక్షరాలన్నీ సరిగ్గా పడుతున్నాయో లేదో చూడడానికట.

భారత్, పాకిస్తాన్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల మధ్య ఉన్నది మాత్రం నిజంగా మాట్లాడే లైనే. 2025 మే 10న మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్తాన్ వైపునుంచి ఫోను వచ్చిందని, సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని ఇద్దరూ అనుకున్నారని మన విదేశాంగ కార్యదర్శి ప్రకటించారు.

*

ఫ్రెంచ్ విలేకరి జాన్ దానియేల్‌కు దక్కినంత విచిత్రమైన కబురు మోసే పని ఇంకెవరికీ దక్కలేదేమో. 1963 అక్టోబర్ 24న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఆయనతో క్యూబా గురించి మాట్లాడాడు. క్యూబా నేత కాస్ట్రోను కలిశాక మళ్ళీ వచ్చి నాకు చెప్పండి అన్నాడు. దానియేల్ క్యూబా వెళ్ళి రోజుల తరబడి ఎదురుచూశాడు. చివరికి కాస్ట్రో దొరికాడు. నవంబర్ 22న వరదేరో తీరంలోని ఇంట్లో ఇద్దరూ భోంచేస్తుండగా ఫోను మోగింది. కెన్నెడీ మీద కాల్పులు జరిగాయని కబురు. ఇది చెడు వార్త, చెడు వార్త అని కాస్ట్రో మళ్ళీ మళ్ళీ గొణుక్కున్నాడు. దానియేల్ తిరిగి వెళ్ళి చెప్పాల్సిన మనిషి లేడు.

*

ఎడ్గార్ స్నో కథ కూడా ఇలాంటిదే, కాకపోతే ఇంకా నిదానంగా సాగింది. 1936లో చైనా వాయవ్యాన కమ్యూనిస్టుల స్థావరానికి వెళ్ళి, రాత్రిళ్ళు గుహలాంటి ఇంట్లో కూర్చుని మావో జీవితకథను ఆయన నోటే విని రాసుకున్న అమెరికన్ స్నో. 1970 అక్టోబర్ 1న పెకింగ్‌లోని తియానన్మెన్ ద్వారం మీద మావో ఆయన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. డిసెంబర్‌లో మాట్లాడుతూ, నిక్సన్ రావాలనుకుంటే రావచ్చు, అధ్యక్షుడిగా వచ్చినా యాత్రికుడిగా వచ్చినా సరే అన్నాడు. అమెరికాకు ఇంతకంటే ఘనమైన సైగ చెయ్యలేమని చైనావాళ్ళు అనుకున్నారు. వాషింగ్టన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. అంత సూక్ష్మమైన సంకేతం తమ మొద్దు బుర్రలకు ఎక్కలేదని నిక్సన్ సలహాదారు కిసింజర్ తర్వాత రాసుకున్నాడు. 1972 ఫిబ్రవరి 21న నిక్సన్ పెకింగ్‌లో దిగాడు. ఆ కబురు మొదట విన్న స్నో ఆరు రోజుల ముందే, ఫిబ్రవరి 15న స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు.

*

ఇక ఒరియానా ఫల్లాచి. ఈమె గురించి రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవడం అన్యాయం. ఇటలీ జర్నలిస్టు, టేప్ రికార్డర్ పట్టుకుని నాయకుల ముందు కూర్చుంటే సాక్షిని బోనులో నిలబెట్టిన వకీలులా ఉండేది. 1972 నవంబర్‌లో కిసింజర్ దగ్గరికి వెళ్ళింది. అంత గుంభనంగా ఉండే మనిషి, ఒంటరిగా గుర్రం మీద ఊళ్ళోకి వచ్చే కౌబాయ్‌తో తనను పోల్చుకునేలా చేసింది. చైనా, వియత్నాం ఘనతంతా తనదేనని నమ్మే నిక్సన్‌కు ఒళ్ళు మండింది. పత్రికలవాళ్ళతో తన జీవితంలో ఇంత వినాశకరమైన సంభాషణ మరొకటి లేదని కిసింజర్ ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

ఆ ఏడాదే మన ఉపఖండంలోనూ ఆమె నిప్పు రాజేసింది. బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడే ముగిసింది. ఫల్లాచి ఇంటర్వ్యూ చేసినప్పుడు ఇందిరాగాంధీ పాకిస్తాన్ అధ్యక్షుడు భుట్టో గురించి చులకనగా మాట్లాడింది. అది చదివిన భుట్టో తానే కబురు పెట్టి ఫల్లాచిని కరాచీకి రప్పించుకున్నాడు. ఇందిరవి అంతంత మాత్రం తెలివితేటలని, నెహ్రూ కూతురు కాబట్టే ఆ కుర్చీలో ఉందని ఆ ధోరణిలో మాట్లాడేశాడు. అచ్చయిన మాటలు ఢిల్లీ చేరేసరికి, అనుకున్న శాంతి సమావేశమే సందేహంలో పడింది. ఆ తర్వాత సంగతి ఫల్లాచి స్వయంగా రాసింది. భుట్టో మనుషులు తన వెంటపడి, ఆ ఇంటర్వ్యూ అంతా నా ఊహేనని మళ్ళీ రాయండి, కోట్లమంది ప్రాణాలు మీ చేతిలో ఉన్నాయి అని బతిమాలారట. ఆమె రాయలేదు. చివరికి ఆ జూన్ నెలాఖర్న భుట్టో సిమ్లా వచ్చాడు, జూలైలో ఒప్పందం కుదిరింది. రెండు దేశాల సంబంధాల పునాదిరాయి అని చాలాకాలం చెప్పుకున్న ఆ ఒప్పందం, ఇద్దరి నోటి దురుసుతనాన్ని దాటుకుని వచ్చిందని పాఠ్యపుస్తకాల్లో ఉండదు.

1979లో ఇరాన్‌లోని కోమ్ నగరంలో అక్కడి విప్లవ నేత ఖొమేనీ ముందు ఫల్లాచి చాదర్ కప్పుకుని కూర్చుంది. ఆడవాళ్ళ మీద దాన్ని రుద్దడమేమిటని అడిగింది. నచ్చకపోతే వేసుకోవద్దు, అది పద్ధతిగల ఆడవాళ్ళకు అని ఆయన అన్నాడు. వెంటనే తీసి పక్కన పడేసింది. ఖొమేనీ లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ వచ్చి కూర్చుని జవాబులిచ్చాడు కూడా. మరుసటి ఏడాది ఆగస్టులో చైనా నేత డెంగ్ సియావోపింగ్‌కు, తియానన్మెన్ ద్వారం మీద మావో పటం ఉంచుతారా తీసేస్తారా అని మొదటి ప్రశ్నే వేసింది. ఎప్పటికీ ఉంటుందన్నాడు. మావో ఘనత ముందు, తప్పులు తర్వాత అన్నాడు. పార్టీ ఈ తీర్పును తీర్మానంగా అచ్చేసింది 1981 జూన్‌లో. అంటే చైనా అధికారిక వైఖరి ముందుగా ప్రపంచానికి తెలిసింది ఒక ఇటలీ జర్నలిస్టు ద్వారా. పటం ఇప్పటికీ అక్కడే ఉంది.

*

నిక్సన్ గద్దె దిగాక బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూ ఉచితం కాదు. 6 లక్షల డాలర్లు, లాభంలో వాటా కూడా. డబ్బిచ్చి మాట్లాడించడమా అని అమెరికా పెద్ద చానళ్ళు ముఖం తిప్పుకుంటే ఫ్రాస్ట్ తానే పెట్టుబడి పోగుచేసుకున్నాడు. 28 గంటలకు పైగా చిత్రీకరించారు. 1977 మేలో మొదటి భాగం వచ్చినప్పుడు నాలుగున్నర కోట్లమంది చూశారు. అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కానే కాదు అన్న అర్థం వచ్చే మాట నిక్సన్ నోట వచ్చింది ఈ ఇంటర్వ్యూల్లోనే. ఏ దర్యాప్తు సంఘమూ రాబట్టలేనిది ఒక టీవీ వ్యాఖ్యాత రాబట్టాడు. డబ్బు గిట్టుబాటైనట్టే.

అదే ఏడాది నవంబర్‌లో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, అవసరమైతే జెరూసలేం దాకా వెళ్తానని తన పార్లమెంటులో అన్నాడు. ఇది మాటవరసకు అన్నదని అందరూ కొట్టిపారేశారు. సీబీఎస్‌లో వాల్టర్ క్రాంకైట్ మాత్రం 14న ఆయన్ను ఉపగ్రహం ద్వారా పట్టుకుని, ఎప్పుడు వెళ్తారని గుచ్చి అడిగాడు. ఆహ్వానం వస్తే వారంలోపే అన్నాడు సాదత్. అదే రోజు క్రాంకైట్ ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌ను పట్టుకుని పిలుస్తారా అని అడిగాడు. పిలుస్తానన్నాడు. నవంబర్ 19న సాదత్ విమానం ఇజ్రాయెల్‌లో దిగింది. ఇందులో క్రాంకైట్ చేసిన ఘనకార్యం ఏమీ లేదు, తేదీ అడిగాడంతే. మన టీవీ చర్చల్లో ఈ ఒక్క ప్రశ్న ఎంత అరుదో గమనించండి.

*

మన జర్నలిస్టు కుల్దీప్ నయ్యర్ చేసింది ఇంకా గడుసు పని. 1987 జనవరి నెలాఖరు. సరిహద్దులో భారత సైన్యం బ్రాస్‌ట్యాక్స్ విన్యాసాలతో రెండు సైన్యాలూ ఉద్రిక్తంగా ఉన్నాయి. ఆయన పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ ఇంట్లో ఉన్నారు. ఖాన్ ఎంతకీ దారికి రావడం లేదు. మీకు బాంబు చేసే సత్తా లేదని మా శాస్త్రవేత్త అన్నాడని నయ్యర్ ఒక కల్పిత కథ చెప్పారు. ఖాన్ అహం దెబ్బతింది. మా దగ్గర బాంబు ఉంది అన్నంత పని చేశాడు. మార్చి 1న లండన్ అబ్జర్వర్‌లో అది అచ్చయింది. నయ్యర్‌ను అక్కడికి వెంట తీసుకెళ్ళిన పాకిస్తాన్ సంపాదకుడి ఉద్యోగం ఊడింది. ఖాన్ ఉద్యోగం ఊడలేదు. అంటే ఆ మాట బయటికి రావాలని అక్కడెవరో కోరుకున్నారేమోనన్న అనుమానం నాకు పోలేదు.

*

2000 సెప్టెంబర్‌లో అమెరికా టీవీ వ్యాఖ్యాత లారీ కింగ్, 118 మందితో మునిగిన కుర్స్క్ జలాంతర్గామికి ఏమైందని రష్యా అధ్యక్షుడు పుతిన్‌ను అడిగాడు. మునిగిపోయింది, అన్నాడు పుతిన్ చిరునవ్వుతో. రష్యాలో ఆ నవ్వును మర్చిపోని కుటుంబాలు ఉన్నాయి.

2013 సెప్టెంబర్ 9న లండన్‌లో అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీని, అమెరికా దాడి తప్పించుకోవడానికి సిరియా ఏమైనా చెయ్యగలదా అని ఒక విలేకరి అడిగింది. వారంలోగా రసాయన ఆయుధాలన్నీ అప్పగించాలి, కానీ అలా చెయ్యరు అన్నాడు కెర్రీ. ఇది వాదన కోసం అన్న మాటని ఆయన శాఖ సర్దిచెప్పేలోగా, రష్యా మంత్రి లావ్రోవ్ అదే మాటను ప్రతిపాదనగా అందుకున్నాడు. ఐదు రోజుల్లో ఒప్పందం. అయినా 2017లో సిరియాలో మళ్ళీ సారిన్ వాడారు.

*

ఇవన్నీ బయటికి వచ్చిన మాటలు. తలుపులు మూసి మాట్లాడుకునే వేదికలూ ఉన్నాయి. లండన్‌లోని చాథమ్ హౌస్ 1927లో పెట్టిన నిబంధన ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తోంది. విన్నది వాడుకోవచ్చు, అన్నదెవరో చెప్పకూడదు. రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన గాంధీజీ 1931 అక్టోబర్‌లో చాథమ్ హౌస్‌లో భారత భవిష్యత్తు గురించి మాట్లాడారు. బహిరంగ ప్రసంగాలు సాగే వేదికలూ ఉన్నాయి. ఏటా నాయకులు కలిసే మ్యూనిక్ భద్రతా సదస్సును 1963లో మొదలుపెట్టిన ఎవాల్డ్ ఫోన్ క్లైస్ట్, యువకుడిగా ఉన్నప్పుడు ఒంటికి బాంబు కట్టుకుని హిట్లర్‌ను చంపడానికి సిద్ధపడ్డవాడు. అలాంటి సదస్సులే అయిన సింగపూర్ షాంగ్రిలా డైలాగ్ 2002లో, మన ఢిల్లీ రైసీనా డైలాగ్ 2016లో మొదలయ్యాయి. అంతకంటే చాలా ముందే, 1994 సెప్టెంబర్‌లో, పి.వి. నరసింహారావు సింగపూర్‌లో చేసిన ప్రసంగంలోనే మన తూర్పు చూపు విధానం పూర్తి రూపంలో కనబడింది. ప్రధానిగా ఆయన ఎక్కువ మాట్లాడరని వెక్కిరించేవాళ్ళు ఆ ప్రసంగం చదవలేదు.

*

చివరగా నిపుణుల సంగతి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ 1980లలో మొదలుపెట్టి 284 మంది రాజకీయ, ఆర్థిక నిపుణుల జోస్యాలను ఏళ్ల తరబడి పోగుచేసి, ఎన్ని నిజమయ్యాయో లెక్క తీశాడు. సగటు నిపుణుడు గుడ్డిగా చెప్పినదానికంటే పెద్దగా మెరుగ్గా లేడు. టీవీల్లో పత్రికల్లో ఎక్కువ పేరున్నవాళ్ళ అంచనాలు ఇంకా తక్కువగా ఫలించాయి. 2005లో ఆ లెక్కలు పుస్తకంగా వచ్చాక, 2011 నుంచి మామూలు జనంలోంచి ఔత్సాహికులను తీసుకుని పోటీ పెడితే, వాళ్ళలో కొందరు నిపుణులను మించిపోయారు. కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా అంచనా మార్చుకోవడమే వాళ్ళ బలం.

కాబట్టి ఈసారి టీవీలో ఎవరైనా ఫలానా యుద్ధం ఫలానా నెలకల్లా ముగుస్తుందని ఘంటాపథంగా చెబితే, ఆ మాటను తేదీ వేసి డైరీలో రాసిపెట్టుకోండి. గడువు దాటాక ఓసారి తీసి చూడండి.